లెక్కలో లేని గోడలు

తెలుగులో "స్పందన" అన్న మాటను మనం ఈ రోజుల్లో ఎక్కువగా జవాబు అన్న అర్థంలోనే వాడుతున్నాం. అధికారులు స్పందించలేదంటాం, పాఠకుల స్పందన బాగుందంటాం. కానీ ఆ మాటకు మూలమైన సంస్కృత ధాతువుకు అదరడం, కంపించడం అని అర్థం. నేను ముప్పై ఏళ్ళుగా చేస్తున్నది కట్టడాల బలాబలాలు లెక్కకట్టే స్ట్రక్చరల్ ఇంజనీరు పని. ఆ పనికి ఈ రెండర్థాలూ ఒకేసారి సరిపోతాయి. నేల కదిలినపుడు కట్టడం ఇచ్చే జవాబు కంపనమే కదా! ఆ జవాబును ముందుగా అంచనా వేసే పద్ధతిని రెస్పాన్స్ స్పెక్ట్రమ్ అంటారు. నేను దాన్ని స్పందన వర్ణపటం అని పిలుచుకుంటాను. ఇంతకంటె మంచి మాట ఎవరైనా సూచిస్తే సంతోషిస్తాను.

ఈ పద్ధతి విషయమై నాకు రెండు అభిప్రాయాలున్నాయి. ఇరవయ్యో శతాబ్దపు ఇంజనీరింగులో ఇంత అందమైన ఆలోచనలు చాలా తక్కువ అన్నది మొదటిది. దీన్ని మనం మన ఊళ్ళ అపార్టుమెంట్లకు వాడుతున్న తీరు చాలావరకు ఆత్మవంచన అన్నది రెండవది. రెండవ మాట కటువుగా ఉన్నదని తెలుసు. అందులో నా వాటా కూడా ఉన్నది కనుకనే వ్రాస్తున్నాను.

ముందుగా ఆ అందమేమిటో చెప్పాలి. కూరగాయల అంగడిలో పళ్ళెం వేలాడే స్ప్రింగు త్రాసును చూసే ఉంటారు. కిలో టమాటాల సంచిని పళ్ళెంలో ఆనించి చేతిని మెల్లగా తీస్తే, ముల్లు నిదానంగా ఒకటి దగ్గరకు వచ్చి ఆగుతుంది. అదే సంచిని పళ్ళేనికి తాకించి ఒక్కసారిగా వదిలేస్తే, ముల్లు ఇంచుమించు రెండు దాకా పోయి, వెనక్కి వచ్చి, కాసేపు ఊగి, ఆ తరువాతనే ఒకటి దగ్గర నిలుస్తుంది. సంచి బరువు మారలేదు. అది ఎత్తునుండి పడనూ లేదు. హఠాత్తుగా వచ్చింది, అంతే. ఆ ఒక్క కారణంచేత త్రాసు మీద పడిన భారం రెట్టింపయింది. ఇక వదిలిన సంచిని ముల్లు సగమైనా దిగకముందే చటుక్కున లాగేసుకున్నామనుకోండి, ముల్లు రెండు దాకా వెళ్ళనే వెళ్ళదు. కనుక భారం ఎంత అన్నది ఒక్కటే తెలిస్తే చాలదు. అది ఎంతసేపు నిలిచింది, త్రాసు తనంత తాను ఒకసారి ఊగడానికి పట్టే కాలంతో పోలిస్తే ఆ సేపు ఎక్కువా తక్కువా అన్నది కూడా తెలియాలి.

వచ్చి పోయే భారాలన్నిటికీ ఇదే సూత్రం. భూకంపమైనా, రాతి క్వారీలో పేలుడైనా, శ్రీహరికోటనుండి ఎగిరిన రాకెట్టులో దశలు విడిపోయేటప్పుడు ఉపగ్రహం తినే కుదుపైనా ప్రశ్న ఒక్కటే. ఇంత కొద్దికాలంలో ఇలా వచ్చిపోయిన కుదుపుకు, ఫలానా ఆవర్తనకాలం గల వస్తువు అత్యధికంగా ఎంత ఊగుతుంది?

దీనికి జవాబు వెతికే పద్ధతిని మనసులో ఇలా బొమ్మ కట్టుకోవచ్చు. ఒక పొడవాటి పలక మీద వరుసగా ఇనుప చువ్వలు నిలబెట్టి, ఒక్కొక్క చువ్వ కొనకు ఒక్కొక్క ఇనుప గుండు అమర్చామనుకుందాం. మొదటి చువ్వ పొట్టిది, గట్టిది. సెకనులో పదోవంతులో ఒక ఊగు పూర్తి చేస్తుంది. చివరిది పొడవైనది, సన్ననిది. ఒక ఊగుకు మూడు నాలుగు సెకన్లు తీసుకుంటుంది. ఇపుడు పలకను ఒక భూకంపం కదిపినట్లే, అదే తీరున, అన్ని సెకన్లపాటు కదుపుదాం. ఒక్కొక్క గుండు ఎంత ఎక్కువగా ఊగిందో, ఆ ఊగులో ఎంత త్వరణం పొందిందో గుర్తు పెట్టుకుందాం. అడ్డంగా ఆవర్తనకాలం, నిలువుగా ఆ గరిష్ఠ విలువ వేసి గీత గీస్తే అదే స్పందన వర్ణపటం. వానవిల్లు తెల్లని వెలుగును రంగులుగా విడదీసి చూపినట్లు, ఈ గీత ఒక భూకంపంలో ఏయే ఊగుకు ఎంత బలం దాగి ఉన్నదో విడదీసి చూపుతుంది.

ఈ ఆలోచనకు బీజం వేసినవాడు మారిస్ బియో. ఆయన బెల్జియంలో పుట్టి అమెరికా వెళ్ళి, కాలిఫోర్నియా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో వాన్ కార్మన్ వద్ద చదువుకున్నాడు. 1932 నాటి తన పరిశోధన వ్యాసంలోనే దీన్ని ప్రస్తావించాడు. కంప్యూటర్లు లేని ఆ రోజుల్లో మెలితిరిగే లోలకం ఒకటి తయారుచేసి, దాని సాయంతో ఈ గీతలు రాబట్టేవాడు. తరువాత అదే సంస్థలో జార్జ్ హౌస్నర్ ఈ ఆలోచనను పెంచి పెద్దచేసి, ఇంజనీర్లు రోజూ వాడుకునే పనిముట్టుగా మలిచాడు. 1940 మే 18న కాలిఫోర్నియాలోని ఎల్ సెంట్రోలో నమోదైన భూకంపపు గీతను చూడని స్ట్రక్చరల్ ఇంజనీరు ప్రపంచంలో ఉండడంటే అతిశయోక్తి కాదు.

ఈ గీత చెప్పే నీతి ఎంత కఠినమైనదో ప్రపంచానికి చూపింది మెక్సికో నగరం. 1985 సెప్టెంబరు 19 ఉదయం పసిఫిక్ తీరంలో పెద్ద భూకంపం వచ్చింది. దాని తీవ్రత 8.0. మెక్సికో నగరం అక్కడికి 350 కిలోమీటర్లకు పైగా దూరం. నగరంలోనే, గట్టి నేలమీద ఉన్న విశ్వవిద్యాలయ ప్రాంతంలో నేల పొందిన త్వరణం గురుత్వంలో నూటికి మూడు నాలుగు పాళ్ళు మాత్రమే. అయితే నగరపు నడిబొడ్డు ఒకనాటి టెస్కోకో సరస్సు అడుగున పేరుకున్న మెత్తటి బంకమట్టి మీద ఉన్నది. ఆ మట్టి రెండు సెకన్లకు ఒకసారి ఊగింది. అక్కడ నేల త్వరణం నూటికి పదిహేడు పాళ్ళకు చేరింది. ఆ నేలమీద రెండు సెకన్ల ఆవర్తనకాలం గల కట్టడానికి వర్ణపటం చూపిన త్వరణమైతే దాదాపు గురుత్వమంత! అంటే మనిషిని నిలువునా కిందికి లాగే బలమే, ఒక్క క్షణం అడ్డంగా తిరిగి లాగినట్లు.

కూలిన భవనాలలో అత్యధికం ఆరునుండి పదిహేను అంతస్తుల మధ్యవి. వాటి పక్కనే వందల ఏళ్ళనాటి పొట్టి రాతి కట్టడాలు నిలిచాయి. 1956లో పూర్తయిన 44 అంతస్తుల లాటినోఅమెరికానా గోపురమూ నిలిచింది. మధ్యరకపు ఎత్తు గల ఆ భవనాలు మొదట సెకనుకు అటూ ఇటుగా ఊగేవే. పగుళ్ళు పడి మెత్తబడేకొద్దీ వాటి ఆవర్తనకాలం పెరిగి, సరిగ్గా నేల పాడుతున్న శ్రుతిలోకి వెళ్ళి కలిశాయి. పొట్టివాటికి ఆ శ్రుతి అందలేదు, బాగా పొడవైనది దాన్ని దాటి నిలిచింది.

అందుచేత "భూకంపం ఎంత పెద్దది?" అన్న ప్రశ్న కట్టడాల విషయంలో సగం ప్రశ్నే. "నా కట్టడం ఎంతసేపటికి ఒకసారి ఊగుతుంది?" అన్నది మిగతా సగం. స్పందన వర్ణపటం ఈ రెండో సగాన్ని అడగడం నేర్పింది. ఇదీ నా మొదటి అభిప్రాయం.

ఇక రెండవదానికి వస్తాను. ఏ సంక్షేపమైనా కొంత పోగొట్టుకుంటుంది. వర్ణపటం గరిష్ఠ విలువను మాత్రమే దాచి, అది ఏ క్షణాన వచ్చింది, ఎడమకా కుడికా, ఎన్నిసార్లు అన్న సంగతులను వదిలేస్తుంది. బహుళ అంతస్తుల భవనం ఒకే తీరున ఊగదు, అనేక రీతుల్లో ఊగుతుంది. ఒక్కొక్క రీతికి వర్ణపటంనుండి ఒక్కొక్క గరిష్ఠం వస్తుంది. అవన్నీ ఒకే క్షణాన రావు కనుక నేరుగా కూడకూడదు. ఒకటి 30, మరొకటి 40 అయితే 70 అనకుండా, వర్గాలను కూడి వర్గమూలం తీసి 50 అంటాం. ఈ పద్ధతిని 1951లో తన పరిశోధనలో ప్రతిపాదించిన ఎమిలియో రోసెన్‌బ్లూత్ మెక్సికో దేశస్థుడే. ఆవర్తనకాలాలు దగ్గరదగ్గరగా ఉన్న రీతులకు ఇది సరిపోదని తెలిశాక, 1981లో మరింత మెరుగైన పద్ధతి వచ్చింది.

ఇలా కూడిన అంకెలకు దిక్కు ఉండదు, అన్నీ ధనాత్మకాలే. అందుకని ఏది కావాలో దాన్ని ముందు ఒక్కొక్క రీతిలో విడిగా లెక్కించి, ఆ తరువాతే కలపాలి. రెండు అంతస్తుల మొత్తం కదలికలను ముందే కలిపేసి, ఒకదానిలోంచి ఒకటి తీసివేసి, ఇదే అంతస్తుల నడుమ వాలు అని వ్రాసుకొచ్చిన నివేదికలు నేను ఎన్నో చూశాను. సాఫ్ట్‌వేరు అంకె ఇచ్చింది కనుక అది నిజమని నమ్మడమే అక్కడి పొరపాటు. అయితే ఇది చదువులోని లోపం, దిద్దుకోవచ్చు. నన్ను కలవరపెట్టేది ఇంతకంటె పెద్దది.

ఈ మధ్య ఒక యువ ఇంజనీరు తన లెక్కల కట్ట తెచ్చి చూపించాడు. కింద పార్కింగు, పైన నాలుగు అంతస్తులు. ఎత్తు 15 మీటర్లు, వెడల్పు 16 మీటర్లు.

"డైనమిక్ అనాలిసిస్ చేశాను సార్. భూకంప బలం సగానికి తగ్గింది. స్టీలు కూడా బాగా తగ్గుతుంది" అన్నాడు సంతోషంగా.

"ఆవర్తనకాలం ఎంత వచ్చింది బాబూ?" అని అడిగాను.

"1.1 సెకన్లు సార్."

"మరి గోడలు ఎక్కడ పెట్టావు?"

"గోడల బరువంతా దూలాల మీద వేశాను సార్. ఒక్కటి కూడా వదల్లేదు."

అతడు అబద్ధమాడలేదు. గోడల బరువు నిజంగానే అంతా ఉన్నది. లేనిది వాటి దృఢత్వం. అతని లెక్కలోని భవనం స్తంభాలూ దూలాలూ మాత్రమే ఉన్న ఒట్టి చట్రం. దానిమీద గోడలు బట్టలు ఆరేసినట్లు వేలాడుతున్నాయి. ఒట్టి చట్రం మెత్తగా ఊగుతుంది కనుక ఆవర్తనకాలం ఎక్కువ వచ్చింది. కానీ ఇటుక గోడలు చట్రంలో బిగిసి ఉన్న భవనం గట్టిగా, వేగంగా ఊగుతుంది. మన భారత ప్రమాణం ఐ.ఎస్. 1893 ఇటువంటి భవనాలకు ఇచ్చిన సూత్రంతో చూస్తే ఈ భవనపు ఆవర్తనకాలం 0.34 సెకన్లు. మధ్యరకం నేలకు అదే ప్రమాణంలో ఉన్న వర్ణపటం 0.34 దగ్గర 2.5 చూపుతుంది, 1.1 దగ్గర 1.24 మాత్రమే. అతడు తగ్గించానన్న సగం బలం అక్కడిదే. భవనంలో మార్పేమీ లేదు. కాగితం మీద గోడలను మెత్తబరచాడు, అంతే.

ఈ ప్రలోభాన్ని ప్రమాణం వ్రాసినవారు ముందే ఊహించారు. డైనమిక్ లెక్కలో వచ్చిన మొత్తం బలం సూత్రంతో వచ్చిన బలంకంటె తక్కువైతే, ఆ నిష్పత్తిలో అన్నిటినీ పెంచుకోవాలని నియమం పెట్టారు. అతడు ఆ నియమాన్ని చదివాడు. "అది ఫార్మాలిటీ అన్నారు సార్" అన్నాడు. ఎవరన్నారని నేను అడగలేదు.

పైగా పెంచుకున్నంత మాత్రాన కథ ముగియదు. పై నాలుగు అంతస్తుల్లో గోడలున్నాయి, కింద పార్కింగులో లేవు. నేల కదిలినపుడు పైభాగమంతా ఒకే పెట్టెలా బిగుసుకుని కదులుతుంది. వంగవలసినదంతా కింది స్తంభాలే వంగాలి. ఒట్టి చట్రపు లెక్కలో మాత్రం ఆ వంపు ఐదు అంతస్తులకూ చక్కగా పంచి కనబడుతుంది. అబద్ధపు భవనాన్ని వర్ణించి అడిగితే వర్ణపటం ఆ అబద్ధపు భవనానికే నిజమైన జవాబు చెబుతుంది. తప్పు దానిది కాదు.

ఇది పుస్తకాల భయం కాదు. 2001 జనవరి 26 ఉదయం కచ్ ప్రాంతంలో 7.7 తీవ్రతతో భూకంపం వచ్చినపుడు, 200 కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న అహ్మదాబాదులో పార్కింగు స్తంభాలమీద నిలిచిన భవనాలు ఎన్నో కూలిపోయాయి. చాలాచోట్ల పై అంతస్తులు చెక్కుచెదరకుండా పెట్టెలా కిందికి దిగాయి, పార్కింగు అంతస్తు మాత్రం మాయమైంది. అహ్మదాబాదు ఉన్నది మూడో భూకంప మండలంలో. మన విజయవాడ ఉన్నదీ ఆ మండలంలోనే.

ఇక్కడ నా వాటా చెప్పాలి. 1997లో, నా తొలి ఉద్యోగపు రోజుల్లో, విజయవాడలో అచ్చంగా అటువంటి భవనానికే నేను లెక్కలు వేశాను. కింద పార్కింగు, పైన ఐదు అంతస్తులు. నిలువు భారాలకు మాత్రమే వేశాను. ఆ రోజుల్లో ఆ ఎత్తు భవనాలకు అందరూ అంతే చేసేవారు, నేనూ అంతే చేశాను. కచ్ భూకంపం తరువాత అహ్మదాబాదు ఫొటోలు పత్రికల్లో చూసిన రాత్రి పాత ఫైలు బయటికి తీసి, గోడలతో సహా మళ్ళీ లెక్క వేశాను. తెల్లవారుజాముకల్లా తెలిసిపోయింది. ఆ కింది స్తంభాలకు కావలసిన బలంలో సగం కూడా లేదు.

మరుసటి ఏడు, 2002లో, ప్రమాణాన్ని సవరించి ఇటువంటి అంతస్తు స్తంభాలనూ దూలాలనూ రెండున్నర రెట్ల బలానికి వేయాలన్నారు. 2016 సవరణలో కాంక్రీటు గోడలో, బ్రేసింగులో తప్పనిసరిగా పెట్టాలన్నారు. కానీ అప్పటికే కట్టినవాటి సంగతేమిటి? నేను ఫ్లాట్ల యజమానుల సంఘం దగ్గరకు వెళ్ళాను. తప్పు నాదేనని చెప్పి, పార్కింగులో స్తంభాల నడుమ పునాదితో సహా ఎనిమిది కాంక్రీటు గోడలు కట్టించుకోమన్నాను. లెక్కలకు నా ఫీజు వద్దన్నాను. "ఇన్నాళ్ళకు గుర్తొచ్చిందా?" అని ఒకరన్నారు. "కార్లు ఎక్కడ పెట్టుకోవాలండీ?" అని చాలామంది అన్నారు. రెండేళ్ళు తిరిగాక నాలుగు గోడలకు ఒప్పుకున్నారు. ఊగు మెలితిరగకుండా నాలుగు వైపులా ఒక్కొక్కటి వచ్చేట్లు సర్దాను. అడిగినదానిలో సగం దక్కింది. దాన్ని విజయమనుకోవాలో, మిగతా సగాన్ని తలచుకుని నిద్ర మానుకోవాలో ఇప్పటికీ తేల్చుకోలేదు.

"మన దగ్గర భూకంపాలు రావు కదా" అనే మిత్రులకు ఒక మాట. 1967లో ఒంగోలులో, 1969లో భద్రాచలంలో నేల కదిలింది. 1993 సెప్టెంబరు 30న లాతూరు ప్రాంతంలో వేలమంది చనిపోయిన నాటికి, పటంలో అది అన్నిటికంటె తక్కువ ప్రమాదమున్న మొదటి మండలం. 2002 సవరణలో ఆ మండలాన్నే పటంలోంచి తీసివేశారు. పటం అంటే మనకు అప్పటికి తెలిసినది మాత్రమే. మన అజ్ఞానాన్ని అభయహస్తంగా భావించడం న్యాయం కాదు.

అలాగని ప్రతి భవనానికీ గంటల తరబడి నడిచే మహా విశ్లేషణలు కావాలని నేననడం లేదు. స్పందన వర్ణపటం చాలు. ఇన్ని దశాబ్దాలుగా అది లోకానికి చాలింది. దానికి నిజమైన భవనాన్ని చూపిస్తే చాలు. ఫ్లాటు కొనేవారు పాలరాతి రకం అడిగినట్లే ఇంజనీరును మూడు ప్రశ్నలు అడగాలని నా కోరిక. ఈ భవనపు ఆవర్తనకాలం ఎంత? అది గోడలతోనా, గోడలు లేకుండానా? పార్కింగు అంతస్తుకు ప్రత్యేకంగా ఏం చేశారు? జవాబుగా సాఫ్ట్‌వేరు పేరు చెప్పేవారిని మళ్ళీ అడగండి. కళాశాలల్లో పాఠం చెప్పేవారు కూడా మీట నొక్కించే ముందు ఒక్క స్ప్రింగు త్రాసు తెప్పించి, టమాటాల సంచి చేతికిచ్చి వదలమనాలి.

2024 డిసెంబరు 4 ఉదయం 7.27కు ములుగు ప్రాంతంలో 5.3 తీవ్రతతో భూమి కంపించింది. హైదరాబాదులో నా గదిలో కుర్చీ ఒక్క క్షణం కదిలినట్లనిపించింది. టీవీ పెట్టకముందే విజయవాడకు ఫోను చేశాను. వాచ్‌మన్ ఎత్తాడు.

"ఏమీ కాలేదండీ. గిన్నెలు కదిలాయని పైవాళ్ళు కిందికి దిగారు. మీరు కట్టించిన గోడ పక్కన నిలబడ్డారండీ అంతా" అన్నాడు.

ఆ కదలిక ఆ భవనానికి పరీక్షే కాదని నాకు తెలుసు. అసలు పరీక్ష ఇంకా రాలేదు. వాళ్ళు ఏ గోడ పక్కన నిలబడ్డారో, ఏ వైపు నాలుగు గోడలు తక్కువో కూడా నాకు తెలుసు. పైఏడాదైనా మిగతా నాలుగింటి మాట మళ్ళీ ఎత్తాలి.